గంప కింది పిల్లి

ఇంటి యజమానురాలు గంప మీది బండరాయి తీసి పక్కన పెట్టింది. గంపను ఒక వైపు లేపింది. లోపలున్న పిల్లి క్షణం ఆగి, గోడ దూకి జొన్నచేలో కలిసిపోయింది. ఆమె కొడుకు చేతిలోని కట్టె కింద పడేసి నా వంక చూశాడు. దాన్ని వదిలేయడానికి కారణం నేను చెప్పిన మాట.

ఎనభైల చివర బీరంగూడలో వాళ్లింట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటికి ఒక వైపు ప్లాట్ల హద్దురాళ్లు, ఇంకో వైపు జొన్న. ఆ వారంలో ఐదు కోడిపిల్లలు మాయమయ్యాయి. కొడుకు గంపను పుల్ల మీద నిలిపి, కింద కోడిపేగులు వేసి రాత్రి షిఫ్టుకు వెళ్లాడు. తెల్లారి తిరిగొచ్చేసరికి గంప పడి ఉంది, లోపల పిల్లి. లేవకుండా గంప మీద బండరాయి పెట్టాడు.

సాయంత్రాలు వాకిట్లో చాయ్ తాగుతూ ఆ పెద్దామె పిల్లుల సంగతులెన్నో చెప్పేది. ఆమె లెక్కలో పిల్లి ఇంటిది, చంపితే పాపం. గండుపిల్లి తిరుగుబోతు మగదే అయినా ఇంటిదే. జంగపిల్లి చేనుది, దాన్ని కొడితే అడిగేవాళ్లు లేరు. కోస్తాలో మా ఇంట్లో అలాంటిదాన్ని బావురుపిల్లి అనేవాళ్లు. అన్నం తిననప్పుడు మా అమ్మ ఆ పేరు చెప్పే బెదిరించేది.

"తోక సూడు అవ్వా, ఎంత పొట్టిగున్నదో. జంగపిల్లే," అన్నాడు కొడుకు తల్లితో.

"నిద్ర కండ్లతోని నువ్వు సూసుడేంది?" అని ఆమె నా వైపు తిరిగింది. "సారూ, పేపర్ల రాసేటోనివి, జెర నువ్వు సూసి చెప్పు. ఇంటి పిల్లయితే పాపం నా నెత్తిన వడ్తది."

వంగి గంప సందుల్లోంచి చూశాను. తోక పొట్టిదే, చారలు కూడా ఉన్నాయి. కాని ఒక చెవి చిరిగి ఉంది, వీధిలో కొట్లాడే గండుపిల్లులకు ఉన్నట్టు. ఇద్దరిని అడగనిదే వార్తలో ఒక్క పేరు రాసేవాణ్ణి కాదు. ఆ పొద్దున అడగడానికి ఎవరూ లేరు. గండుపిల్లే అన్నాను.

ఆఫీసుకు వెళ్లగానే నిఘంటువు తీశాను. మార్జాలం అంటే పిల్లి అని ఉంది. బావురుపిల్లి అంటే ఒక విధమైన పిల్లి అని ఉంది. జంగపిల్లి అనే మాటే లేదు.

ఆ చేను ప్లాట్లయింది, వాకిలి పై అంతస్తుకు మెట్లయింది, ఆమె చెప్పిన సంగతుల్లో సగం మరిచిపోయాను. పిల్లిని వదిలిన రోజే ఆమె కోళ్లగూడును ఇంటి లోపలికి మార్చింది, కోడిపిల్లలు పోవడం ఆగింది. అందువల్ల ఆ ఐదింటినీ తిన్నది గంప కింద పడ్డదేనా కాదా అన్నది ఇప్పటికీ తేలలేదు.