సైదాబీ బిగించిన ఇంజను

నంద్యాల నూనెపల్లెలో జాకెట్లు కుట్టే సైదాబీకి కారు ఇంజనుతో ఉన్న చుట్టరికమల్లా మొగుడి చొక్కాలకు అంటిన మడ్డి వదిలించడమే. దాదాపీర్ మెకానిక్కు. బస్టాండుకు పోయే దారిలో పుల్లయ్యతో కలిసి షెడ్డు నడిపేవాడు. ఇంటికొచ్చి కార్ల గొడవ చెప్పే అలవాటు ఆయనకు లేదు, అడిగే తీరిక ఆమెకూ లేదు. ఆయన షెడ్డులో తెలుగులో అరిచేవాడు, ఇంట్లో ఉర్దూలో గొణిగేవాడు. ఆయన నోటికి జడిసి పనివాళ్ళు చేతిలో స్పానర్లు జారవిడుస్తారని పుల్లయ్య చెబితే సైదాబీ నమ్మేది కాదు. కూరలో ఉప్పు మరిచిపోయినా ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి మరి!

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆ మనిషికి పక్షవాతం వచ్చింది. షెడ్డులో, తెరిచిన బానెట్టు ముందరే కూలబడ్డాడు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. కొన్నాళ్ళకు కట్టె పట్టుకుని వాకిలి దాకా నడవగలిగాడు. మాట మాత్రం రాలేదు. ఆసుపత్రిలో డాక్టరు మంచివాడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. "మాట్లాడిస్తా ఉండమ్మా. ఆయనకు అలవాటైన వస్తువులు చూపిస్తా ఉండు. రావొచ్చు, రాకపోవచ్చు."

సైదాబీ మాట్లాడించడంలో ఏ లోటూ చేయలేదు. మిషను తొక్కుతూ, బియ్యం ఏరుతూ, ఆయన తల దువ్వుతూ, నోరు నొప్పి పుట్టేదాకా ఉర్దూలో మాట్లాడేది. పెళ్ళినాటి కబుర్లు చెప్పేది, దువా చదివేది, ఏమీ తోచకపోతే ఎదురింటి వాళ్ళ మీద చాడీలు చెప్పేది. దాదాపీర్ గోడను చూసినట్టు ఆమెను చూసేవాడు. మాట పోయిందన్న బాధను ఆమె దిగమింగుకుంది. ఆ చూపే ఆమెకు అన్నం సహించనీయలేదు. ఈ మనిషికి నేనెవరో తెలుసా, తెలియదా? ఈ ప్రశ్నను ఆమె ఎవరినీ అడగలేదు, డాక్టరును కూడా.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం, పక్క వీధి సువార్తమ్మ టీచరు జాకెట్టు కొలతలివ్వడానికొచ్చి చంకలోంచి ఒక అట్టపెట్టె తీసింది. విదేశాల నుంచి వాళ్ళ చర్చికి బట్టలూ బొమ్మలూ వచ్చాయట. అందులో ఇదొకటి, ముక్కలు ముక్కలుగా ఉండే కారు, మనమే అతికించుకోవాలి. కారు ఒళ్ళంతా దారిలోనే నుగ్గునుగ్గయింది. ఇంజను ముక్కలు మాత్రం చెక్కు చెదరలేదు.

"మా పిల్లోళ్ళకెవరికీ పట్టుబడలేదు సైదాబీ. మీ ఆయన ముందర పెట్టు. ఇంజను గదా, సూస్తాడేమో" అంది సువార్తమ్మ.

"ఆయన ఎడం చేత్తో ఏమి అతికిస్తాడు టీచరమ్మా?"

"ఆయప్ప అతికించకపోతే నువ్వు అతికించు. సూది పట్టే చెయ్యి గదా నీది."

సైదాబీ నవ్వింది గానీ పెట్టె తిరిగి ఇవ్వలేదు. ఈ విషయంలో సువార్తమ్మకు ఆమె బతికినన్నాళ్ళూ దండం పెడుతూనే ఉంది.

పెట్టెలోని ఇంగ్లీషు కాగితం సువార్తమ్మ చదివి చెప్పేది. టీచరమ్మకు ఇంగ్లీషు తెలుసు, ఇంజను తెలియదు. సైదాబీకి రెండూ తెలియవు. మధ్యాహ్నాలు కుట్టుపని పక్కనపెట్టి, దాదాపీర్ మంచం పక్కనే చాప వేసుకుని ఇద్దరూ కూర్చునేవారు. మొదటి రోజు జిగురు ఎక్కువై ముక్కలన్నీ సైదాబీ వేళ్ళకే అంటుకున్నాయి. రెండు ముక్కలు తలకిందులుగా అతుక్కుపోతే బ్లేడుతో విడదీయాల్సి వచ్చింది. అయినా ఒక పక్క చదునుగా, ఒక పక్క గాడులుగా ఉన్న ఆ ముక్కలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటుంటే, జాకెట్టుకు చంకపట్టీ సరిగ్గా కలిసినప్పటి సంతోషం కలిగేది ఆమెకు. మొగుడి కోసం మొదలుపెట్టిన పని తనకూ ముద్దు వచ్చింది. అందుకు కాస్త సిగ్గుపడింది కూడా.

గుప్పిట్లో పట్టేంత ఇంజను తయారైంది. దాదాపీర్ దాన్ని ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. బూడిదరంగు ప్లాస్టిక్కు ముద్దను ఇంజనంటే ఏ మెకానిక్కు ఒప్పుకుంటాడు? సైదాబీ పుల్లయ్యనడిగి షెడ్డులోంచి వెండిరంగు తెప్పించి దట్టంగా పూసింది. గాడులన్నీ పూడిపోయి అది పెళ్ళిలో పంచే స్వీటులా తళతళలాడింది. ఈసారి ఆయన చూడను కూడా చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, సూదిమొనతో గాడుల్లోని రంగంతా గీకింది.

దానికి మందు ఆమెకు పుట్టింట్లో దొరికింది. సైదాబీది ఆళ్లగడ్డ, శిల్పులుండే వీధి. తమ్ముడి బిడ్డకు పేరు పెడుతుంటే బస్సెక్కి పోయింది. పక్కింటి ఆదినారాయణ చిన్నప్పటి నుంచీ ఆమెకు అన్న వరస. ఆయన ఆ పూట ఒక విగ్రహానికి మసిలో నూనె కలిపి ఒంటినిండా పులుముతున్నాడు. అంత నున్నగా చెక్కినదాన్ని ఎందుకు పాడుచేస్తాండావన్నా అని అడిగింది సైదాబీ. ఆయన జవాబివ్వకుండా గుడ్డతో తుడిచాడు. పైనున్న రాయి తేటపడింది, గీతల్లో మాత్రం నలుపు నిలిచిపోయింది. నగలూ మడతలూ వేళ్ళ సందులూ ఒక్కసారిగా లేచి కనబడ్డాయి.

"సెక్కిన గీత సెక్కినోనికే కనపడుతుందిమ్మే. మసి పూసి తుడిస్తే ఊరందరికీ కనపడుతుంది" అన్నాడు ఆదినారాయణ. కొంచెం మసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. విగ్రహానికి వాడే మసిని ఇంజనుకు వాడితే తప్పేమో అని ఆమె సందేహపడితే, "పనిముట్టుకు మొక్కే కులం మాది. ఇంజనుకు పూస్తే తప్పేందీ?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆముదంలో మసి కలిపి పూసి తుడిచింది. గాడులు గాడులయ్యాయి, మరలు మరలయ్యాయి. దాదాపీర్ ఈసారి ఎడం చెయ్యి చాపాడు! తీసుకుని కళ్ళ దగ్గరకు కాకుండా ముక్కు దగ్గరకు పెట్టుకున్నాడు. ఆముదం వాసన తగిలి మొహం చిట్లించి, ఇంజనును మంచం మీద పడేశాడు. సైదాబీకి కోపం రాలేదు. ఇన్నాళ్ళకు ఆయనకొక సంగతి నచ్చకపోయింది, అదే పదివేలు. మర్నాడే షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిలు తెప్పించి, ఆముదం కడిగేసి, దానితో పూసింది. దాదాపీర్ మళ్ళీ వాసన చూశాడు. ఎంతసేపు చూశాడో, ఆ పూట ఇంజను ఆయన గుండెల మీదే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే ఆమె కొంగుతో తుడిచింది.

ఇక వైర్లు మిగిలాయి. పెట్టెలో వైర్లు లేవు. ఏ బానెట్టులోనో నాలుగు నల్ల వైర్లు చూసిన గుర్తు ఆమెకుంది. పుల్లయ్యనడిగితే, డెల్కో అనే గుండ్రటి మూత నుంచి నాలుగు ప్లగ్గులకు పోతాయని చెప్పి, షెడ్డు నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయాడు. నల్లదారానికి కొవ్వొత్తి మైనం రుద్ది, సూదితో బెజ్జాలు చేసి సైదాబీ వైర్లు బిగించింది. ఎలా బిగించింది? చొక్కాకు గుండీలు కుట్టినట్టు! మూత చుట్టూ ఉన్న వరసలోనే మొదటి దారం మొదటి ప్లగ్గుకు, రెండోది రెండో దానికి, మూడోది మూడో దానికి, నాలుగోది నాలుగో దానికి. అంత పొందిగ్గా వచ్చినందుకు మురిసిపోయి, తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది.

దాదాపీర్ చూశాడు. మొహం కందగడ్డయింది. ఎడం చేత్తో మంచంపట్టెను దబదబా బాదాడు. గొంతులో ఏదో గురగుర కదిలింది.

"ఒ... ఒరేయ్! ఒరేయ్ ఎద్దా! ఒకటి, మూడు, నాలుగు, రెండు!"

సైదాబీ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. ఎద్దు తనే. చాప మీద కూలబడి, ఏమన్నావు, ఇంకోసారి చెప్పు అని ఉర్దూలో బతిమాలింది. ఆయన నోరు మూతబడింది. అప్పుడు ఆమెకు ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, షెడ్డులో పనివాడు అడిగినట్టు తెలుగులో అడిగింది.

"యాడ తప్పు సేసినా ఉస్తాద్?"

"ఒకటి, మూడు, నాలుగు, రెండు!" దాదాపీర్ వేలితో ఒక్కో ప్లగ్గూ పొడిచి చూపించాడు.

సాయంత్రం వచ్చిన పుల్లయ్య విని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. మంట ఆ వరసలోనే అంటుకోవాలట. వరసగా బిగిస్తే బండి దగ్గి ఆగిపోతుందట. "ఆయన పొద్దస్తమానం మా నెత్తిన మొత్తే పాట అదే వదినా. నిద్రలో లేపినా అదే అంటాడు."

మాట చచ్చిపోలేదు, ఇన్నాళ్ళూ షెడ్డులో తెలుగులో కూర్చుని ఉందన్నమాట. తను ఉర్దూలో ఇల్లంతా వెతికింది! ఆ రాత్రి సైదాబీ నమాజు చేసి అల్లాకు శుక్రియా చెప్పుకుంది. సువార్తమ్మ తన చర్చిలో మోకరించింది. ఆళ్లగడ్డలోని ఆదినారాయణకు సేమ్యా డబ్బా ఒకటి బస్సెక్కింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో తెలుగే. దాదాపీర్‌కు ఒక్కో మాటా వచ్చింది, అన్నీ షెడ్డు మాటలే. దాహమేస్తే రేడియేటరులో నీళ్ళు పొయ్యమనేవాడు. ఆకలేస్తే పెట్రోలు కొట్టమనేవాడు. ప్రతి మాట ముందూ ఒరేయ్ ఉండాల్సిందే.

"పెండ్లాన్ని పట్టుకోని ఒరేయ్ అంటాడేందమ్మే?" అంది సువార్తమ్మ నోరు నొక్కుకుని.

"అననీ టీచరమ్మా. ఇన్ని నెలలూ అది గూడా అనలేదు గదా."

పైకి అలా అంది గానీ, లోపలి ముల్లు అలాగే ఉంది. ఆయన తిట్టేది ఏ పనివాడినో. ఎదురుగా ఉన్నది తన పెళ్ళామని ఆయనకు తెలుసా? తెలియకపోయినా సరే, ఆ గొంతు వినకుండా ఆమె ఉండలేకపోయింది. అందుకని రోజూ మధ్యాహ్నం వైర్లు ఊడదీసి, గుండీల వరసలో తప్పుగా బిగించి ఆయన ముందర పెట్టేది. ఆయన అరిచేవాడు. ఆమె తిట్లన్నీ కడుపునిండా తిని, సరే ఉస్తాద్ అని దిద్దుకునేది. ఇద్దరికీ ఆ పని బాగా కుదిరింది.

ఎనభైలో, వానలు మొదలైన ఒక మధ్యాహ్నం, అలవాటు ప్రకారం మూడో దారాన్ని మూడోదానిలోనే గుచ్చి ఇచ్చింది. దాదాపీర్ చూశాడు. అరవలేదు. దారాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు, మళ్ళీ దారాన్ని చూశాడు. సైదాబీ మంచానికి దగ్గరగా జరిగింది, మళ్ళీ మాట పోయిందేమోనని. ఆయన మూతి ఒక పక్కకే నవ్వింది.

"కావాలనే... పెడతాండావ్."

సైదాబీ ఆయన మీదికి వంగింది.

"దొంగ... దొంగ సైదా."

ఇన్నేళ్ళ కాపురంలో దాదాపీర్ ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. అంతకుముందు ఏ భాషలోనూ పిలవలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తాండావేందీ? వైరు మార్చు" అన్నాడు ఆయన.

కళ్ళు కనబడక, సైదాబీ ఆ దారాన్ని మళ్ళీ తప్పు చోటే గుచ్చింది.