సూర్యారావుపేటను చూసి కొన్న ఫార్మా ఫండ్

పోయిన ఆదివారం హాస్పిటల్లో నేను చేసిన నిర్వాకం వింటే, రేపట్నుంచి మీరెవరూ నన్ను పరామర్శలకి తీసుకెళ్ళరు. అయినా చెప్తాను. నేను చెప్పకపోతే మా ఆవిడ ఎలాగూ చెప్పేస్తుంది!

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తానా, రోజూ సూర్యారావుపేట మీదుగానే వెళ్తాను. ఇటు హాస్పిటల్, అటు మెడికల్ షాపు, మధ్యలో స్కానింగ్ సెంటర్. ఎక్కడ చూసినా జనమే! ఒకరోజు సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు ఐడియా తట్టింది. ఇంతమంది మందులు కొంటుంటే ఫార్మా కంపెనీలకి తిరుగేముంది?

ఇంటికెళ్ళి ఫోన్లో వెతికితే, మందుల కంపెనీల్లోనే డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్ ఒకటి దొరికింది. సెక్టార్ ఫండ్ అంటారట. పేరు చివర 'గ్రోత్' అని కూడా ఉంది! వంటగట్టు మార్పించడానికని మా ఆవిడ సుజాత దాచుకున్న డబ్బు మొత్తం అందులో పెట్టేశాను. ఆవిడకి చెప్పే పెట్టాన్లెండి.

"నష్టం రాదుగా?" అంది.

"పేర్లోనే గ్రోత్ ఉంటే ఇంకా డౌటేంటి?" అన్నాను. లెక్కల మాస్టార్ని కదా, నమ్మింది పాపం.

ఆ రోజు నుంచీ నా బుద్ధి మారిపోయింది. పక్కింటాయన తుమ్మితే నాకు హుషారు. స్టాఫ్ రూంలో ఎవరైనా ఒళ్ళు నొప్పులంటే, "ఓర్చుకోకండి సార్, టాబ్లెట్ వేసేసుకోండి" అని నేనే ముందు. ఫండ్ మాత్రం ఎందుకో రోజురోజుకీ దిగుతోంది.

ఇంతలో మా తోడల్లుడుగారికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల షాపు ఆయనది. బత్తాయిలు పట్టుకుని చూడ్డానికెళ్ళాం. వదినగారు, అంటే సుజాత వాళ్ళక్క, కళ్ళు తుడుచుకుంటూ చెప్తున్నారు.

"ఏం చెప్పమంటారు మరిదిగారూ! ఒక్క బెడ్డు ఖాళీ లేదు. గంటసేపు స్ట్రెచర్ మీదే ఉంచారు. ఇక మందులంటారా, ఇంత పొడుగు చీటీ!"

"అబ్బ! ఎంత మంచి వార్త చెప్పారండీ!" అనేశాను.

సుజాత గిల్లిన చోట ఇంకా మచ్చ ఉంది, కావాలంటే చూపిస్తాను. వదినగారు కొంగు కళ్ళ దగ్గరే పెట్టుకుని నన్నే చూస్తున్నారు. ఇక తప్పదని ఫండ్ కథంతా కక్కేశాను.

మంచం మీదున్న మా తోడల్లుడుగారు (నేను అన్నయ్యా అనే పిలుస్తాను) నవ్వడం మొదలుపెట్టారు. కుట్లు పచ్చిగా ఉన్నాయి కదా, "అమ్మా" అని పొట్ట పట్టుకోవడం, మళ్ళీ నవ్వడం! నర్సు పరిగెత్తుకొచ్చి "పేషంటుని నవ్వించొద్దని చెప్పాలా?" అని నన్ను కసిరింది.

"తమ్ముడూ," అన్నారాయన ఆయాసపడుతూ, "రోడ్డు నిండా ఒకే మోడల్ లారీలు తిరుగుతున్నాయని ఒకప్పుడు నేనూ ఆ పార్టులే గోడౌన్ నిండా కొన్నా. కంపెనీ ఆ మోడలే ఆపేసింది. పిస్టన్లు ఇప్పటికీ మూలన పడున్నాయి. నీ ఫండూ అంతే. ఇక్కడ బెడ్లు నిండితే అక్కడ షేర్లు పెరగవయ్యా! ఆ కంపెనీల మందులు బోలెడన్ని పైదేశాలకి పోతాయి. అక్కడో రూలు మారితే చాలు, మందుల కంపెనీలన్నీ ఒకేసారి జారతాయి."

"మరి గ్రోత్ అని రాశారుగా అన్నయ్యా?"

"పెరుగుతుందని హామీ కాదది! లాభమొస్తే నీ చేతికివ్వకుండా ఫండ్‌లోనే ఉంచుతారని అర్థం. రకరకాల రంగాల్లో ఎదిగే కంపెనీలు ఏరి పెట్టే గ్రోత్ ఫండ్లు వేరే ఉన్నాయి. అవీ పడతాయి, లేస్తాయి. కానీ ఒక్క వ్యాపారాన్నే పట్టుకుని వేలాడవు. కొత్తవాళ్ళు ముందు అలాంటి వాటితో మొదలెట్టాలి. సెక్టార్ ఫండ్ తర్వాత, అదీ కూరలో ఉప్పంత."

"మరి నా వంటగట్టు, బావగారూ?" అంది సుజాత.

"కొన్నేళ్ళు ఓపిక పట్టాలమ్మా" అన్నారాయన.

నిన్న వదినగారు ఫోన్ చేశారు. "మరిదిగారూ, ఈయన్ని డిశ్చార్జ్ చేశారండీ. ఇక మందులు కూడా అక్కర్లేదన్నారు. మరి మీకేం ఇబ్బంది లేదుగా?"

"చాలా సంతోషమండీ" అనాలి కదా నేను. ఆ మాట గొంతు దాటేసరికి ఎంతసేపు పట్టిందంటే, పాపం ఆవిడ "హలో... హలో... లైన్ కట్టయిందా?" అని రెండుసార్లు అడిగారు!