మామ చావుకు వన్స్‌మోర్

“వన్స్‌మోర్” అని అరిస్తే చచ్చినవాళ్లు లేస్తారని చిన్నప్పుడు నమ్మిన మేధావిని నేను. మా ఊరు కోసిగిలో ఆడే నాటకాల్లో మా మామ పద్యం పాడి చచ్చేవాడు. జనం వన్స్‌మోర్ అంటే లేచి, దుమ్ము దులుపుకొని, మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు. అందుకే మా మేకపిల్ల చచ్చినప్పుడు గొంతు పోయేదాకా అరిచాను. అది లేవలేదు.

“దానికి పద్యం రాదు గదమ్మే!” అంటూ మామ ఊరంతా చెప్పి నవ్వించాడు.

ఇప్పుడాయన సినిమాల్లో తండ్రి. ప్రతి సినిమాలోనూ ఇంటర్వెల్ లోపే దగ్గుతూ పోతాడు. ఇన్నేళ్లలో ఆయన నటనలో పెరిగింది ఆ దగ్గొక్కటే. మొన్న కర్నూలు హాల్లో నా పక్కనే కూర్చుని తన చావు తానే చూసుకున్నాడు. ఎవరూ ఉలకలేదు.

“ఏమ్మే, వన్స్‌మోర్ అనవా?” అన్నాడు ఆశగా.

“ఒకసారికే శానా అయింది మామా,” అన్నాను, మా మేకపిల్ల తరఫున.