మల్లయ్య కోసం భూపాలపల్లి దాకా

నా అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఆరో తరగతిలోనే బడి మానేశాను, చేతిరాత కూడా వంకరటింకరగా ఉంటుంది. బ్లౌజుల కొలతలు రాసుకునే పుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాసిస్తే, మా ఆడపడుచు సరిత తప్పులు దిద్ది ఫోన్లో ఎక్కిస్తానంది. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు బెరుకు. అయినా పెంపుడు సాలీడుకు జోడీ వెతికేవాళ్ళకు పనికొస్తుందని మా ఆయన పట్టుబట్టాడు కాబట్టి రాస్తున్నాను.

మాది జనగామ. మా ఆయనది రంగుచేపల దుకాణం. ఐదేళ్ళ కింద, మా పెళ్ళైన కొత్తలో, మిరియపు గింజంత సాలీడు పిల్లను చిన్న డబ్బాలో పెట్టి తెచ్చాడు. బ్రెజిల్ దేశపు జాతి, పెద్దయ్యాక ఒళ్ళంతా నల్ల మఖమలు గుడ్డలా ఉంటుందని, ఇక్కడ దొరకడం చాలా అరుదని చెప్పాడు. మొదటి వారం ఆ డబ్బా ఉన్న గదిలోకే పోలేదు నేను. తర్వాత నేనే దానికి సీసా మూతలో నీళ్ళు పెట్టడం, చిన్న బొద్దింకలు వేయడం మొదలుపెట్టాను. నా కుట్టుమిషను పక్కనే దాని ఇల్లు. మిషను ఆగితే బయటికొచ్చి కూర్చునేది. ఆడదే అనుకుని మల్లి అని పేరు పెట్టాను.

మొన్న ఎండాకాలం మల్లి కుబుసం విడిచింది. కొత్త ఒంటితో లేచినప్పుడు చూస్తే ముందు కాళ్ళకు జాకెట్టు హుక్కుల్లాంటి కొక్కేలున్నాయి. నోటి పక్కనుండే పొట్టి కాళ్ళ చివరలు పెసరగింజల్లా ఉబ్బాయి. మా ఆయన చాలాసేపు చూసి, "మల్లి కాదే, మల్లయ్య!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి అసలు సంగతి చెప్పాడు. ఈ జాతిలో ఆడవి ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతాయి. మగదానికి ఆ కొక్కేలు వచ్చాయంటే అదే చివరి కుబుసం, ఇక మహా అయితే ఏడాదో, కొంచెం ఎక్కువో. ఆ రోజు నేను మిషను తొక్కలేదు. పోయేలోపు దాని పిల్లలను చూడాలనుకున్నాం. అందుకు అదే జాతి ఆడది కావాలి. ఫోన్లో వెతికితే మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి అమ్మకానికి ఉన్నాయని తెలిసింది.

ఆదివారం పొద్దున ఆరు దాటాక జనగామలో రైలెక్కాం. టికెట్లు ఇద్దరికీ కలిపి వంద లోపే. ఒక మిఠాయి డబ్బాలో దూది పరిచి, మల్లయ్య పాత కుబుసాలు రెండు పెట్టుకున్నాను, పక్కన పెట్టి పోల్చుకోవడానికి. ఘన్‌పూర్ దాటుతుంటే ఎదుటి సీటులోని పెద్దమ్మ డబ్బా వైపే చూస్తూ, "ఏం మిఠాయి బిడ్డా, నేతిదేనా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. మా ఆయన మూత తీసి చూపించాడు. ఆమె కాళ్ళు సీటు మీదికి లాక్కుని, "ఓయమ్మో, గిదేం తిండిరా నాయినా!" అంది. కాజీపేట దాకా కాళ్ళు దించలేదు.

మహబూబాబాద్‌లో ఎనిమిదిన్నరకు దిగాం. స్టేషన్ నుంచి నడిచి పోయేంత దూరంలోనే అమ్మే మనిషి ఇల్లు. గదిలో ట్యూబులైటు కింద చూస్తే సాలీడు నిజంగానే నల్లగా ఉంది, మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చి, డబ్బాను వాకిట్లోకి తీసుకుపోదామని ఆయన చెవిలో చెప్పాను. ఎండ తగలగానే కడుపు మీది నూగు మధ్యలో పొడుగాటి ఎర్ర వెంట్రుకలు మెరిశాయి. మల్లయ్య కుబుసాల్లో ఒక్క ఎర్ర వెంట్రుక కూడా లేదు.

"గిది వేరే దేశపు జాతన్నా," అన్నాడు మా ఆయన.

"నలుపు నలుపేనాయె! చీకట్ల గా మగదానికేం ఎరుక?" అని నవ్వాడతను.

"దానికి ఎరుకైతది," అన్నాను. ఆ ఇంట్లో నేను పైకి అన్న మాట అదొక్కటే.

బస్టాండులో ఇడ్లీలు తిని హన్మకొండ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్, ఆయన ఒక్కడికే డబ్బులు. రెండు గంటలు పట్టింది. అక్కడి నుంచి పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లికి ఇంకో రెండు గంటలు. దిగేసరికి మూడు కావొచ్చింది. అమ్మే అతను సంపత్, బొగ్గు గనిలో పనిచేస్తాడు. క్వార్టర్‌లో అతనూ, తల్లీ ఉంటారు. ఆ అవ్వ వాకిట్లో రెండు మేకలకు సుబాబుల్ రొట్ట వేస్తూ ఉంది. మమ్మల్ని చూసి, "పురుగు కోసం జనగామ కెల్లి వచ్చిండ్రా? ఇగ మీకన్న మావోడే నయ్యం," అని మంచినీళ్ళిచ్చింది.

సంపత్ లోపలి నుంచి సాలీడును డబ్బాతో తెచ్చి చూపించాడు. అరచేయంత ఉంది. ఎండలోకి తెచ్చినా నలుపు తప్ప ఇంకో రంగు లేదు. ఎక్కడ పుట్టిందో, ఎవరి దగ్గర కొన్నాడో రాసిన కాగితం కూడా ఉంది. ఇక తేలాల్సింది ఒక్కటే, ఆడదా కాదా. మల్లి విషయంలో ఒకసారి దెబ్బతిన్నాం కదా. పాత కుబుసం ఉందా అని అడిగించాను. సంపత్ అగ్గిపెట్టెలో నుంచి తీశాడు, ఎండి ముడుచుకుపోయి ఉంది. అవ్వను గిన్నె అడిగి, గోరువెచ్చని నీళ్ళలో అంట్లు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి నానబెట్టాను. పావుగంటకు మెత్తబడ్డాక కుట్టు సూదితో కడుపు భాగాన్ని మెల్లగా విప్పి, వెలుతురుకు పట్టుకున్నాను. ఊపిరి ఆడే తెల్లటి మచ్చలు నాలుగుంటాయి. పై రెండింటి నడుమ చిన్న జేబులాంటి మడత కనిపించింది. మగదానికి అది ఉండదు.

"ఆడదే," అన్నాను. మా ఆయన పర్సు తీశాడు.

అప్పుడే దాన్ని ఇంకోసారి చూశాను. నీళ్ళ మూత నిండుగా ఉంది, వేసిన బొద్దింక అలాగే తిరుగుతోంది. కడుపు మీద వెంట్రుకలు రాలిన చోట తోలు నల్లగా, బిగుతుగా మెరుస్తోంది. మల్లయ్యకు కుబుసం ముందు ఇలాగే అయ్యేది.

"ఎన్నొద్దులాయె తినక?" అని అడిగాను.

"నెల దాటిందక్కా."

"అయితే ఇయ్యాల తీస్కపోవద్దు," అని మా ఆయనతో అన్నాను.

"ఇంత దూరమొచ్చి ఒట్టి చేతులతోటి పోదమా? మల్లయ్యకు టైం ఏడున్నది సుగుణా?"

"టైం తక్కువున్నదని నాకెర్కనే. బస్సుల కుదుపులకు తోవల్నే కుబుసం ఇడిస్తే దీని పానం పోతది. ఇంటికి కొంచబోయి ఇప్పుడే జోడీ కలిపినా, మగదాని బీజమంతా కుబుసంతోటే ఊడిపోతది. గుడ్లు ఏడికెల్లి వస్తయి?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అవ్వే నన్ను ఆదుకుంది. "పిల్ల చెప్పింది నిజమేరా. సూడి మేకను ఎవ్వలన్న సంతకు తోల్తరా?"

మేక అనేసరికి నాకు తోవ దొరికింది. మా అమ్మ వాళ్ళ తండాలో మేకలను పాలుకు ఇస్తారు. మేక ఒకరిది, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లలు చెరిసగం. "అవ్వా, పాలుకు పెట్టుకుందమా?" అన్నాను. అవ్వ పకపకా నవ్వింది. సంపత్ సరేనన్నాడు. ధరలో సగం ఇచ్చాం. సాలీడు అక్కడే ఉంటుంది. కుబుసం విడిచి, ఒళ్ళు గట్టిపడ్డాక మేమే మల్లయ్యను తీసుకుపోతాం. పిల్లలు పుడితే సగం మావి.

తిరుగు బస్సు పరకాల దాటాక మా ఆయన నా వైపు తిరిగాడు. "మగదాన్ని ఒక్కోసారి ఆడది తినేస్తది, ఎర్కనే కద?" అన్నాడు. ఎరుకే అన్నాను. నా చేయి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున, సంపత్ ఆడదాని గూట్లోంచి తీసిచ్చిన దారాన్ని మల్లయ్య పెట్టెలో వేశాను. మా ఇంట్లో ఐదేళ్ళుగా చప్పుడు చేయని ప్రాణి అది. దారం మీద కాలు పెట్టి ఆగింది. తర్వాత ఆడదాన్ని పిలిచినట్టు ముందు కాళ్ళతో నేలను టకటకా కొట్టింది. మిషను తొక్కే పాదాన్ని అలాగే ఆపేసి విన్నాను. దాన్ని పంపాలా వద్దా అని నాలో ఇంకా ఏదో మూల ఉన్న ప్రశ్న అక్కడితో పోయింది. దానికి మిగిలిన కాలం నాకోసం దాచుకునేది కాదు.

నిన్న అవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, నీ కోడలు కుబుసం ఇడిసింది. తిండి మొదలువెట్టినంక చెప్త, కొడుకును తోలుకరా." మల్లయ్య పోయే డబ్బాకు నా పాత నూలు చీర ముక్కతో మెత్త కుట్టాను. ఖాళీ డబ్బాతో తిరిగొస్తానేమో తెలియదు. అయినా కుట్టాను.

మీరు సాలీడు కొనబోతుంటే ఒక్క మాట. అమ్మే మనిషి ఏం చెప్పినా సరే, దాని పాత కుబుసం అడగండి. అది చూడకుండా డబ్బులివ్వకండి.

సరితా, టైపు కొట్టడం అయ్యాక ఈ కాగితాలు పొయ్యిలో వేసెయ్. ఆ ఆదివారం మేం మా అమ్మను చూడటానికి తండాకు పోయామనే అత్తమ్మ అనుకుంటోంది. ఆమెకు ఫోన్లో చదవడం రాదు కానీ, నా వంకర రాత మాత్రం బాగా చదువుతుంది.