తట్టితే పైకి తేవాలి

గుర్‌గావ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో నర్సు స్తుతి పేరెత్తితే అందరూ ఒకటే మాట అంటారు, ఆ పిల్లకి భయమంటే ఏమిటో తెలియదని. అది సగం నిజం. తాగొచ్చి గొడవకు దిగే రోగుల బంధువుల్ని నడుంమీద చెయ్యి పెట్టుకుని "భయ్యా, బాహర్" అంటూ లిఫ్టుదాకా నడిపించే మనిషే. కానీ ఆ మనిషికి నీళ్లంటే చచ్చేంత భయమని, తలమీద నీళ్లు పోసుకునేటప్పుడు కూడా కళ్లు మూసుకోదని, షాంపూ మంట భరిస్తుంది గాని చీకట్లో నీటిచప్పుడు భరించలేదని వార్డులో ఎవరికీ తెలియదు.

ఆ భయం బాప్తిస్మంనాడు పుట్టింది. వాళ్ల ఊరు నరసాపురం దగ్గర కాలవగట్టున. బాప్తిస్మమంటే అక్కడ నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లడం కాదు, కాలవలో నిలువునా ముంచి లేపడమే. పదిహేనేళ్ల స్తుతి తెల్లబట్టల్లో నడుంలోతు నీళ్లలోకి బాగానే దిగింది. పాస్టరు గారు ముక్కుకు చేతిరుమాలు అడ్డంపెట్టి వెనక్కి వాల్చారు. నీళ్లు చెవుల్లోకి వెళ్లాయో లేదో, ఆయన మెడ రెండు చేతులా వాటేసుకుని ఆయన్నీ లాక్కుని అడుగుకి పోయింది. గట్టుమీద సంఘం పాట ఆపలేదు. పాస్టరు గారికి ఆ రోజు రెండోసారి బాప్తిస్మం అయిందని ఊరు ఊరంతా ఏడాదిపాటు నవ్వుకుంది. స్తుతి మాత్రం అడుగున బురదలో కళ్లు కనపడకుండా గడిపిన ఆ కాస్త సేపు మరిచిపోలేదు.

నర్సుగా ఆమెకు వచ్చిన పేరంతా మాస్కుతో వచ్చింది. ఊపిరాడనివాళ్లకి బైపాప్ అనే మిషన్ పెడతారు. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు బిగించి గాలిని బలంగా లోపలికి తోస్తారు. ప్రాణం నిలబెట్టేది అదే, కానీ ఆ గాలి మొహాన కొట్టగానే చాలామంది తమను చంపేస్తున్నారనుకుని మాస్కు పీకేస్తారు. స్తుతి దగ్గర ఆ పప్పులుడకవు. "ఏం కాదు, ఏం కాదు" అంటూనే పట్టీలు బిగించేసేది. అయినా పీకబోతే డాక్టరుకి చెప్పి, మెత్తటి గుడ్డపట్టీలతో చేతులు మంచానికి కట్టించేది. పద్ధతి ప్రకారం జరిగేదే, ఎవరూ తప్పు పట్టేది లేదు.

వానలు వెనకపట్టిన రోజుల్లో అలా కట్టించుకున్నవాళ్లలో హైమవతి గారొకరు. ఢిల్లీలో తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన టీచరు. ఊపిరితిత్తుల జబ్బు. మాస్కు తీసి మాట తిరిగాక ఆవిడ మొదట అడిగింది మంచినీళ్లు కాదు.

"అమ్మాయ్, ఏం కాదు ఏం కాదు అన్నావే, నువ్వెప్పుడైనా పెట్టుకున్నావా? ఒక్కసారి పెట్టుకుని చూసి అప్పుడు చెప్పు."

"మీకు నయమైంది కదా టీచర్ గారూ, నాకదే చాలు" అని నవ్వేసింది స్తుతి. టీచరు నవ్వలేదు.

అక్టోబరులో స్తుతికి పెళ్లయింది. పెళ్లికొడుకు యేసుకుమార్, ల్యాబ్ టెక్నీషియన్, ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది. సముద్రాన్ని ఫోన్‌లో తప్ప చూసి ఎరగడు. ఇలాంటి ఢిల్లీ తెలుగువాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉంది, కోస్తా నుంచి వచ్చిన ప్రతి మనిషీ చేపపిల్లేనని. పెళ్లానికి తెలియకుండా అండమాన్‌కు టికెట్లు కొని, హేవ్‌లాక్ ద్వీపంలో సముద్రం అడుక్కి దిగే డైవింగుకి ఇద్దరి పేర్లూ రాయించి, గొప్ప కానుక ఇచ్చినవాడిలా నిలబడ్డాడు.

"నీ కోసమే, స్తుతి. నువ్వు పానీకి దూరంగా ఎంత మిస్ అవుతున్నావో అని."

నాకు నీళ్లంటే భయమండీ అని ఒక్క ముక్క చెబితే అక్కడితో పోయేది. కానీ భయం లేని మనిషని వినే కదా పెళ్లిచూపుల్లో అత్తగారు మురిసిపోయింది. "ఎందుకండీ ఇంత ఖర్చు" అని మాత్రం అని, సరోజినీ నగర్ మార్కెట్లో గీచిగీచి బేరమాడి ఒక గడ్డిటోపీ కొనుక్కుంది. మునిగేవాళ్లకు టోపీ దేనికని ఆలోచించలేదు.

హేవ్‌లాక్‌లో వాళ్లను నీళ్లలోకి దింపే మనిషి పేరు భీమేశ్వరరావు. తాతల నాడు సిక్కోలు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఊపిరి నోటితోనే తీసుకోవాలని, బిగబట్టకూడదని చెప్పి, ముందు యేసుకుమార్‌ను తీసుకెళ్లాడు. అతను కాసేపటికి తేలి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి అంతా బాగుందని సైగ చేశాడు. తరవాత స్తుతి వంతు. ఛాతీలోతు నీళ్లు, అద్దాల్లాంటి నీళ్లు, కింద ఇసకరేణువులు కూడా కనపడుతున్నాయి. భీమేశ్వరరావు గాలిగొట్టం ఆమె నోటికి అందించి భుజంమీద చెయ్యి వేశాడు.

"ఏటీ అవదు తల్లీ. నానున్నాను గదా. ఏటీ అవదు" అంటూ కిందికి నొక్కాడు.

స్తుతి గొట్టం పీకేసింది. కళ్లకు పెట్టిన అద్దాలు పీకేసింది. అతని మొహంమీద మోచేత్తో ఒకటిచ్చి, ఉప్పునీళ్లు మింగుతూ, పడుతూ లేస్తూ ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. అంతకంటే ఎక్కువగా గుచ్చుకున్నది ఆ మనిషి గొంతు. ఆ మాట, ఆ మెత్తదనం, ఆ తొందర, అచ్చంగా తనవే. రోజూ తను అనే మాట తన చెవిన పడితే ఇలా ఉంటుందా? ఏం కాదని ఎవరో అంటే, ఏదో అయ్యేదాకా వదలరని అర్థమవుతుందా?

యేసుకుమార్ కొబ్బరిబొండం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె కాలవ సంగతి, పాస్టరు గారి సంగతి అంతా చెప్పేసింది. పాస్టరు గారు మునిగిన చోట అతను నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

"ఎలా చెబుతానండీ? మీరేమో దిగి, హాయిగా చేపల్ని చూసొచ్చి..."

అతను బొండంలో గొట్టం తిప్పాడు. "ఒక్క చేప కూడా చూడలేదు. బహుత్ డర్ లగా. మొత్తం టైం కళ్లు మూసుకునే ఉన్నా. ప్రభువు ప్రార్థన చదువుకున్నా, అది కూడా మధ్యలో మరిచిపోయా."

పెళ్లయ్యాక స్తుతి మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వింది. భర్త మీద ప్రేమ పుట్టింది కూడా అప్పుడేనని తరవాత అందరికీ చెప్పేది.

మిగిలిన రోజులు ఇసకలో నడిచి, చేపలు చూడాల్సిన చోట చేపలు తిని గడిపేయవచ్చు. యేసుకుమార్‌కు అదే సమ్మతం. స్తుతికే మనసొప్పలేదు. హైమవతి టీచరు అడిగిన ప్రశ్న పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఇలాగే వెనక్కి వెళ్లిపోతే, రేపు ఒక మనిషి మొహంమీద మాస్కు పెట్టి ఏం చెప్పాలి? ఆఖరి రోజు పొద్దున్నే భీమేశ్వరరావు దగ్గరికి వెళ్లింది. పాపం అతని పెదవి ఇంకా కొంచెం వాచే ఉంది.

"అన్నా, మీరు నాకు ధైర్యం చెప్పకండి. మీ చెయ్యి నా చేతిలో ఉండాలి. నేను రెండుసార్లు తడితే పైకి తెచ్చెయ్యాలి. ఎందుకని అడక్కూడదు."

"సరే తల్లీ" అన్నాడు అతను, దవడ తడుముకుంటూ.

తల నీళ్లలోకి వెళ్లగానే తట్టింది. పైకి తెచ్చాడు. మాటమీద ఉంటాడో లేదో చూడ్డానికే తట్టిందని అతనికి అర్థమైనట్టుంది. రెండోసారి రెండు ఊపిర్లు తీసి తట్టింది. పైకి తెచ్చాడు. మూడోసారి తట్టడానికి వేళ్లు లేపి, ఇప్పుడు కాదులే, ఇంకాసేపాగి తడదామనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే ఇసక దాటిపోయింది, పగడపు రాళ్లు వచ్చాయి, పసుపుచారల చేపలు గుంపుగా వచ్చి ఆమె మొహంలోకి చూసి తమ దారిన తాము వెళ్లిపోయాయి. పైకి రావడానికి దారి ఉందని తెలిశాక కింద ఉండటం పెద్ద కష్టమేం కాలేదు. భయం పోలేదు, భుజంమీద కూర్చునే ఉంది, కాకపోతే అది కూడా చేపల్ని చూస్తోంది.

ఢిల్లీకి తిరిగొచ్చేసరికి నవంబరు పొగ పట్టేసింది. విమానం దిగగానే కళ్లు మండాయి. ఐసీయూలో మంచాలన్నీ నిండిపోయాయి. రెండో వారంలో స్ట్రెచర్‌మీద హైమవతి గారిని తీసుకొచ్చారు. పెదాలు నీలం తిరిగాయి, మెడనరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. స్తుతి మాస్కు పట్టుకుని దగ్గరికి వెళ్లింది. టీచరు గుర్తుపట్టింది. మాట రావడం లేదు. రెండు చేతులూ దగ్గరగా చేర్చి ముందుకు చాపింది.

దండం పెడుతోందేమో అనుకుంది స్తుతి. కాదు. కట్టడానికి ఇస్తోంది.

పక్కన కొత్త నర్సు ఎల్సా గుడ్డపట్టీలు పట్టుకుని రెడీగా ఉంది. "బాంధ్ దూఁ, దీదీ?"

"వద్దు, అవతల పెట్టెయ్" అని, స్తుతి మంచం పక్కన వంగి ఆ చేతుల్లో ఒకదాన్ని తన చేతిమీద పెట్టుకుంది. "టీచర్ గారూ, భయం వేస్తుంది. చాలా వేస్తుంది, నాకు తెలుసు. రెండుసార్లు తట్టండి, తీసేస్తాను. ఎందుకని అడగను."

మాస్కు పట్టీలు కూడా వెయ్యకుండా చేత్తోనే ఆనించి పట్టుకుంది. వెంటనే టీచరు తట్టింది. స్తుతి తీసేసింది. మానిటర్‌మీద అంకెలు ఎర్రబడుతుంటే ఎల్సా ప్రాణం గిలగిలలాడింది. టీచరు మాస్కు వంకా, స్తుతి వంకా మార్చి మార్చి చూసింది. స్తుతి మళ్లీ పెట్టింది, ఆవిడ మళ్లీ తట్టింది, స్తుతి మళ్లీ తీసింది. ఆ తరవాత ముసలిచెయ్యి స్తుతి చేతిమీద పడి, తట్టకుండా అలాగే ఉండిపోయింది. కాసేపటికి మాస్కు పట్టీలు బిగించినా తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాసేపు మాస్కు తీశారు. టీచరు గొంతు సవరించుకుంది.

"పెట్టుకున్నావన్నమాట."

"పెట్టుకున్నానండి."

"ఎక్కడ?"

"మా హనీమూన్‌లో."

హైమవతి గారికి నవ్వు ఆగలేదు. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆయాసంలోకి తిరిగింది. ఆవిడ చెయ్యి చాపి, తనే మాస్కు అందుకుని మొహానికి పెట్టుకుంది.