ఆరింది, వేసేయ్ అన్నాను

ఏళ్ళ తరబడి ఒక్క మాట నా గుండెల మీద బరువుగా ఉంది. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. అందులో కూడా రాయలేకపోయాను. మీకు చెబుతున్నాను.

రిటైరయ్యాక ఉప్పల్ నుంచి నాచారంలో ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్ళి ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవాణ్ణి. మాస్టారు తాను వేసిన ఒక ముసలమ్మ బొమ్మను ఎదురుగా పెట్టి, దాన్నే చూసి వేయమన్నారు. నాతోపాటు మల్లేశం. నాచారం ఊరివాడే, మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడు. నేను గళ్ళు గీసి, కొలిచి, ముక్కూ చెవీ పొల్లుపోకుండా దించాను. అతను గళ్ళు గీయలేదు. అయినా అతని ముసలమ్మ మనల్ని చూసేది. నాది ఎవరినీ చూడదు. నా బొమ్మ దగ్గర మాస్టారు "కొలతలు బాగున్నాయి" అని కదిలిపోయేవారు. అతని బొమ్మ దగ్గర ఏమీ అనకుండా నిలబడిపోయేవారు. జీవితమంతా అన్నీ పద్ధతిగా చేసిన నాకు ఆ మౌనం ఎందుకు దక్కలేదు?

మల్లేశం తల్లికి ఒక్క ఫోటో కూడా లేదు. వేస్తూ వేస్తూ ఆ కళ్ళను తల్లి కళ్ళుగా మార్చుకున్నాడు. పెత్రామాసకు, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, ఆ పటం ముందు బువ్వ పెట్టాలని అతని ఆశ. పండుగ దగ్గరపడింది. మాస్టారు ఊళ్ళో లేరు. బొమ్మ పూర్తిగా ఆరాకే వార్నిష్ వేయాలి, పచ్చిగా ఉంటే రంగు లేచిపోతుంది. ఏ రంగు ఎప్పుడు వేశామో రాసుకునేది నేనే కనక నన్నడిగాడు.

"అన్నా, జర ముట్టి సూడు. నాయి మొరటు యేళ్ళు, ఖరాబైతది. వార్నిష్ గొట్టొచ్చా?"

కంటి నలుపును మెల్లగా తాకాను. వేలికి అంటింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"ఆరింది. వేసేయ్."

"నువ్వు జెప్తె ఇగ ఫికరేంది! నీ డైరీ చిత్రగుప్తుని చిట్టానాయె."

కుంచె తగలగానే కళ్ళు రెండూ కరిగి చెంపల మీదికి పాకాయి. తుడవబోతే ఇంకా పోయాయి. తొందరపడ్డానని తనను తానే తిట్టుకున్నాడు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం నాకు హాయిగా ఉంది.

పండుగకు నా బొమ్మనే అడిగి తీసుకెళ్ళాడు. మళ్ళీ కుంచె పట్టలేదు. ఏటా పెత్రామాసకు నన్ను పిలిచి, నా బొమ్మకు దండ వేసి, "అమ్మా" అని మొక్కుతాడు. అప్పుడతను చూసేది నేను వేసిన కళ్ళను కాదు, తను వేయగా చెరిగిపోయిన ఆ కళ్ళనే. అది నాకు తెలుస్తుంది. అతను వడ్డించిన అన్నం తింటూ కూడా అసూయపడుతుంటాను. ఇదేం మనసు?

మల్లేశానికి ఇంకా చెప్పలేదు. చెప్పగలనో లేదో తెలియదు. ఇక్కడైతే రాశాను. రంగు ఆరలేదు. నాకు తెలుసు.