ముందు నా చేతికి

సూదిమందంటే నాకు చచ్చేంత భయమని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. నిన్న మనవరాలు కాలేజీ పిల్లలతో ఐరాల దగ్గర సేవాశిబిరానికని సంచి సర్దుకుంటూ, దానికి మార్కులు కూడా వేస్తారని చెబుతుంటే, పందొమ్మిదివందల నలభైల్లో తిరుపతి కాలేజీలో చదివిన కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకదాన్నైన నాకు వడమాలపేట అవతలి ఒక పల్లె గుర్తొచ్చింది.

ఆ ఎండాకాలం అటువైపు కలరా సోకింది. ఆడవాళ్ళను టీకాకు పిలుచుకురావడానికి ఆడపిల్లలు కావాలని మా కాలేజీ మాస్టారు అడిగితే, నలుగురిలో నోరు విప్పలేని నేను, రానని చెప్పడానికీ నోరు రాక బండెక్కాను. మేము వెళ్ళేసరికి పల్లెలో తలుపులన్నీ మూసుకున్నారు. మధ్యాహ్నం దాటితే, టీకాలు వేయడానికి మాతో వచ్చిన నర్సమ్మ ఇంకో ఊరు వెళ్ళిపోతుంది. పక్క పల్లెలో అప్పటికే ఒక చంటిబిడ్డ తల్లి పోయింది.

ఒక అరుగు మీద విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్న అవ్వ కనబడింది. ఆమె కోడలూ చంటిబిడ్డ తల్లే, తలుపు వెనక ఉంది. మాస్టారు నేర్పిన ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తురాక, నేనూ పక్కన కూర్చుని కాయలు ఒలవసాగాను. కాసేపటికి అవ్వే అడిగింది.

"ఏం పాపా, మా కోడల్ని పొడిపించేదానికేనా వచ్చినావు? నువ్వు పొడిపించుకుంటివా?"

లేదని తల ఊపాను.

"సదువుకున్నోళ్ళ జోలికి రోగం రాదులే అత్తా!" అని ఎదురింటి తలుపు సందులోంచి ఒకామె అంటే, వీధంతా నవ్వులు.

ఆ ఊళ్ళో నాటుమందు ఇచ్చే ఆయన ఏ మందైనా ముందు తన నాలుక మీద వేసుకున్నాకే ఎదుటివారికి ఇచ్చేవాడట. అలాగే ముందు నా చేతికి వేయించుకోమన్నది అవ్వ. నర్సమ్మ ముందు చెయ్యి చాచాను. కళ్ళు మూసుకుంటే భయం బయటపడుతుందని తెరిచే ఉంచాను. అవ్వ నా ముఖంలోకే చూస్తూ రెండో చేతిని పట్టుకుంది, తర్వాత కోడల్ని బయటికి పిలిచింది. ఆ తలుపు తెరుచుకున్నాక ఎదురింటిదీ తెరుచుకుంది, ఆ పక్కదీ.

ఇప్పటి పిల్లలకు బస్సులు, బ్యానర్లు, ఫోటోలు ఉన్నాయి. మంచిదే, మాకంటే ఎక్కువ పనే చేస్తారు. అరుగు మీద ఊరికే కూర్చునే తీరిక మాత్రం వాళ్ళకు ఎవరైనా ఇస్తున్నారో లేదో. మరుసటి ఏడు పెళ్ళయి నేను మళ్ళీ ఆ పల్లె ముఖం చూడలేదు. ఆ రోజు తిరిగి బండెక్కేటప్పుడు అవ్వ నా కొంగులో పిడికెడు వేరుశనక్కాయలు పోసి, చెవి దగ్గర మెల్లగా అన్నది.

"బయపడినావని నాకు తెలుసులే పాపా. మళ్ళా వచ్చేటప్పుడు ఆ సూదిని ఆడనే పెట్టేసి, నువ్వొక్కదానివే రా."